అమ్మవారు కలపమన్న ఊరగాయ

మా సంఘానికి నన్ను అధ్యక్షురాలిని చేసిన పూట నేను ఆ గదిలోనే లేను. శుక్రవారం గుడిలో దీపం పెట్టి, కుంకుమ పొట్లం కొంగున కట్టుకొని నిదానంగా వచ్చేసరికి ఆడవాళ్ళంతా నా వైపు చూసి నవ్వుతున్నారు.

"వచ్చినావా ప్రెసిడెంటూ, రా కూచో," అంది అంగడి వదిన. వరసకు ఆమె నాకు వదినేమీ కాదు. వీధి మొదట్లో కూరగాయల అంగడి పెట్టుకున్న మనిషి. ఊరంతటికీ వదినే.

"నేనేంది, ప్రెసిడెంటేంది?" అన్నాను.

"నువ్వు ఎవరితోనూ కొట్లాడవు. సంతకం చేసేది వస్తాది. ఇంగేం కావల్ల?"

"మిగతావాళ్ళు ఒప్పుకోవద్దా?"

"అడిగినాం. అందరూ 'మీ ఇష్టం' అన్యారు. నిన్నడిగితే నువ్వు గూడా అదే అంటావని అడగల్యా."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అడిగి ఉంటే నేనూ అదే అనేదాన్ని.

జమ్మలమడుగులో పెన్న వైపు పోయే ఒక సందులో పాత మిద్దె అద్దెకు తీసుకొని మేము ఊరగాయలు, పొడులు చేస్తాం. ప్రొద్దుటూరు అంగళ్ళకు కొంత పోతుంది. పులివెందులలో ఒక ఆడపిల్లల హాస్టలుకు ఏడాదికి సరిపడా మామిడికాయ ఊరగాయ మేమే పంపుతాం. మా అందరి ఇళ్ళలో పొయ్యి వెలగడానికి ఆ హాస్టలే పెద్ద ఆధారం. దేవుడి దయ వల్ల ఈనాటికీ అది తప్పిపోలేదు.

నేను బడికి పోయిన మనిషిని కాను. మా నాన్న పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో చిన్న గుడికి పూజారి. బడి పక్క ఊళ్ళో ఉండేది. ఆడపిల్లను అంత దూరం పంపడానికి అమ్మకు భయం. నైవేద్యం అయిపోయాక గుడి అరుగు మీద బియ్యం పరిచి, నా వేలు పట్టుకొని నాన్నే అక్షరాలు దిద్దించాడు. చదవడం, రాయడం, లెక్క కట్టడం అన్నీ ఆ అరుగు మీద అబ్బినవే. అందుకు రోజూ పొద్దున దీపం ముందు ఆయనను తలుచుకుంటాను. ఆ అరుగు మీద నాకు రానిది ఒక్కటే. పదిమందిలో నిలబడి 'ఇది చేద్దాం, ఇది వద్దు' అని చెప్పడం. మా ఇంట్లో అది నాన్న పని. పెళ్ళయ్యాక అత్తగారి పని. ఆమె పోయాక మా ఆయన పని. నా వరకు ఎప్పుడూ రాలేదు, రాలేదని నేను బాధపడిందీ లేదు.

సంఘంలో కూడా అది ఎవరి పనీ కాకుండా నడిచిపోయేది. మా మీటింగులు చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. మిరపకాయలు ఈసారి ఎవరి దగ్గర తెద్దాం అని అడిగితే ఒకామె పక్కామెను చూస్తుంది. పక్కామె 'మీ ఇష్టం అక్కా' అంటుంది. ఆ పక్కామె 'అందరూ ఎట్లంటే అట్లనే' అంటుంది. అట్లా మాట గది చుట్టూ తిరిగి మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చి పడుతుంది. నేను 'మీరంతా ఏమంటారు' అంటాను. మళ్ళీ తిరుగుతుంది. టీ చల్లారిపోతుంది. ఇది మర్యాద అనుకునేవాళ్ళం. ముందు మాట్లాడినామె పెత్తనం చేసినట్టు అవుతుందని అందరికీ జంకు.

ఆ తిప్పలకు పెద్దమ్మ ఒక దారి పెట్టింది. ఆమె మాలో అందరికంటే పెద్దది, సంఘం మొదలుపెట్టిన మనిషి. ఏదైనా తేలని మాట వస్తే రెండు తమలపాకులు తెస్తుంది. ఒకదాంట్లో తెల్ల నందివర్ధనం, ఇంకోదాంట్లో ఎర్ర గన్నేరు పెట్టి మడిచి దారంతో కడుతుంది. రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. పళ్ళెంలో వేసి తిప్పి అమ్మవారి పటం ముందు పెడుతుంది. ఆ తర్వాత గడప దాటి మొదట ఎవరు లోపలికి వస్తే వాళ్ళు ఒక ఆకు తీయాలి. సంగతి ఏమిటో వాళ్ళకు చెప్పకూడదు. తెల్ల పువ్వు వస్తే అమ్మవారు సరే అన్నట్టు. ఎర్ర పువ్వు వస్తే వద్దన్నట్టు.

మొదట్లో పని ఏ రోజు మొదలుపెట్టాలనే దానికి మాత్రమే పూలు అడిగేవాళ్ళం. పోను పోను అన్నిటికీ అలవాటైపోయింది. డబ్బాల మూతలు ఎర్రవి కొనాలా, నీలివి కొనాలా అని కూడా అమ్మవారిని అడిగాం. నేను అధ్యక్షురాలినయ్యాక ఇంకా ఎక్కువైంది. నాకు ఆ పద్ధతి ప్రాణానికి హాయిగా ఉండేది. ఆయమ్మ చెబుతుంది, మేము చేస్తాం, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఇంతకంటే భక్తి ఏముంటుంది అనుకునేదాన్ని.

మాలో కారం, ఆవపిండి, నూనె పాళ్ళు చూసి ముక్కలు కలిపేది ఒక ముస్లిం ఆమె, నేను చెల్లెలా అని పిలుస్తాను. ఆమె భర్త కువైట్‌లో బరువులు మోసి నడుము చెడి తిరిగొచ్చాడు. చదువుకునే కూతురు ఉంది. ఇల్లు ఆమె చేతుల మీద నడుస్తోంది. చేతుల మీద అని ఊరికే అనడం లేదు. మా వైపు ఊరగాయ కలిపే మనిషికి చెయ్యి చూస్తారు. 'ఫలానా ఆమె చెయ్యి మంచిది' అని పేరొస్తే ఎండాకాలమంతా ఇంటింటికీ పిలుస్తారు. ఒక్క జాడీ చెడిందంటే 'చెయ్యి మంచిది కాదు' అంటారు. ఇక ఆమెను ఎవరూ గడప తొక్కనివ్వరు. చెడింది కాయ వల్లనా, ఉప్పు వల్లనా అని ఎవరూ అడగరు. మా సంఘంలోనే అంతకు ముందు ఒకామెకు అట్లా జరిగింది. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు ఆమె రావడం మానేసింది. ఎందుకు రాలేదని మేమూ అడగలేదు.

ఆ ఎండాకాలం వేంపల్లె దగ్గర తోట నుంచి కాయ వచ్చింది. పుల్లటి, గట్టి కాయ. కడిగి, తుడిచి, ముక్కలు కొట్టి, మళ్ళీ పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి మిద్దె మీద పాత చీరల మీద ఆరబెట్టాం. మధ్యాహ్నం ఎండ నిప్పులు కురిసింది. సాయంత్రం ఉన్నట్టుండి దుమ్ము లేచింది. దుమ్ము వెనకాలే వాన. అందరం పరిగెత్తి చీరలు మూటలు కట్టి కిందికి దించేలోపు సగం ముక్కలు తడిసిపోయాయి. కరెంటు పోయింది, ఫ్యాన్లు లేవు. చేతనైనంత తుడిచి గదిలో పరిచి ఇళ్ళకు పోయాం.

పొద్దున వచ్చి చూస్తే పైకి ముక్క ఆరినట్టే ఉంది. ఇప్పుడు కలపాలా, పారేసి కొత్త కాయ తెప్పించాలా? హాస్టలు తెరిచే రోజు దగ్గరికి వచ్చేసింది. కొత్త కాయ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. నేను అందరినీ చూశాను. అందరూ నన్ను చూశారు.

"మీ ఇష్టం అక్కా."

"అట్లనే, మీరెట్లంటే అట్ల."

పెద్దమ్మ అప్పటికే పెరట్లో గన్నేరు కోస్తోంది.

ఆకులు పళ్ళెంలో పెట్టి గడప వైపు చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి కరెంటు మీటరు చూసే ఆయన వచ్చాడు.

"అమ్మా, మీటరు యాడుంది?"

"మీటరు యాడికీ పోదులే నాయనా. ముందు ఈ పళ్ళెంలో ఒక ఆకు తీయి," అంది పెద్దమ్మ.

"ఏందమ్మా, లాటరీనా?"

"మాట్లాడకుండా తీయప్పా."

"తీస్తా గానీ, బిల్లు తగ్గియ్యమంటే మాత్రం నా చేతుల్లో లేదు."

తీశాడు. పెద్దమ్మ దారం విప్పింది. తెల్ల నందివర్ధనం. గదిలో అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి.

"నేనేం గెల్చినా?" అన్నాడు ఆయన.

"గలాసుడు మజ్జిగ," అంది అంగడి వదిన.

కలిపే చెల్లెలు పెద్ద గంగాళం ముందు కూర్చుంది. పని మొదలుపెట్టేముందు ఆమె పెదవులు కదిలిస్తూ దేవుడి పేరు తలుచుకోవడం నాకు తెలుసు. ఆ రోజు కూడా ఒక ముక్క చేతిలోకి తీసుకొని, రెండు వేళ్ళతో నొక్కి, కాసేపు అట్లాగే ఉండిపోయింది. నన్ను ఒకసారి చూసింది. అమ్మవారి పటాన్ని ఒకసారి చూసింది. ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఉప్పు వేసింది.

మూడో రోజు ఊరగాయను అడుగునుంచి తిరగగలపాలి. అప్పటికి ముక్క ఉప్పు పట్టి, నూనె పైకి తేలి, మూత తీస్తే గది అంతా ఆవ ఘాటు రావాలి. నేను పొద్దున్నే పోయేసరికి చెల్లెలు ఒక్కతే ఉంది. జాడీల మూతలు తీసి గోడకు ఆనుకొని నిలబడింది. ఆవ వాసన లేదు. గుమ్మంలోనే నాకు పులిసిన గంజి వాసన తగిలింది.

"ఏమైంది?" అన్నాను.

"పొంగిందక్కా."

వంగి చూశాను. నూనె ఎక్కడా తేలలేదు. ముక్కల మధ్య నుంచి చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. ఒక జాడీలో అప్పుడే తెల్లగా పొర కడుతోంది.

"అన్నీ ఇట్లనే ఉండాయా?"

"అన్నీ."

 నాకు ఆ రోజు ఆమె ముక్క నొక్కి చూడటం గుర్తొచ్చింది.

"ఆ పొద్దు నువ్వు ముక్క నొక్కినావు గదా. తడి తెలిసిందా?"

"తెలిసింది."

"మరి చెప్పకపోతివే."

చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడుచుకోవడానికి ఆ చేతులకు ఏమీ అంటుకొని లేదు.

"అమ్మవారు కలపమన్యాక నేనేం చెప్పేదక్కా? మీలో ఎవరన్నా అయితే ఏమో. నేను చెప్తే, సాయిబులామె మన అమ్మవారి మాటకే అడ్డమొచ్చింది అనరా?"

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. తర్వాత తెలిసింది, అంగడి వదినకు కూడా ఆ పొద్దున గదిలో పచ్చితడి వాసన వచ్చిందట. ఇంకో ఇద్దరికి కూడా అనుమానమేనట. పెద్దమ్మ కూడా 'ముక్క కొంచెం మెత్తగుందే' అని మనసులో అనుకుందట. ఎవరూ నోరు తెరవలేదు. పువ్వు తెల్లగా వచ్చింది కదా. ఇంతమంది ఆడవాళ్ళం, జీవితమంతా ఊరగాయల మధ్య బతికినవాళ్ళం, తడి ముక్క కలపకూడదని తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. తెలిసి కలిపాం.

అందరూ వచ్చారు. వాసన చూశారు.  ఆ తర్వాత వెనక నుంచి ఒకామె, చెల్లెలి వైపు చూడకుండా, "చెయ్యి మార్చి చూసింటే బాగుండు" అంది. మెల్లగానే అంది. కానీ ఆ మాట ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. మధ్యాహ్నానికి వీధి మొదటికి, సాయంత్రానికి ఊరి చివరకు పోతుంది. చెల్లెలు తల వంచుకొని జాడీల మీద మూతలు ఒక్కొక్కటే పెడుతోంది.

"పైన పొర తీసేసి ఇంకింత ఉప్పు, ఇంకింత నూనె పోద్దాం," అంది అంగడి వదిన. "కారం గట్టిగ తగిలిస్తే వాసన తెలీదు. ఇంత సరుకు మట్టిలో పోస్తామా?"

"తినేది ఆడపిల్లోళ్ళు వదినా," అన్నాను.

"నాకు తెల్దా? నేను మాత్రం సంతోషంగా చెప్తాండానా?"

పెద్దమ్మ లేచింది. "ఎందుకీ వాదన. అమ్మవారినే అడుగుదాం. ఈ జాడీలు పంపేదా వద్దా అని ఒకసారి. ఈ పాపను కలిపేదానికి పెట్టుకునేదా వద్దా అని ఇంకోసారి. ఆయమ్మ ఎట్లంటే అట్ల. ఎవరికీ నొప్పి ఉండదు."

పెద్దమ్మ మంచి మనసుతోనే అంది. ఆమెకు చెల్లెలంటే ఇష్టం. పూలు తెల్లగా వస్తే ఆ పాపను ఇక ఎవరూ మాట అనలేరని ఆమె ఆశ.

చెల్లెలు తల ఎత్తింది. "నన్ను ఆకులో కట్టొద్దు పెద్దమ్మా," అంది. గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. అంతే అని మళ్ళీ మూతలు పెట్టుకుంటూ పోయింది.

పెద్దమ్మ చేతిలో ఆకులు అట్లాగే ఉన్నాయి. ఎవరో పళ్ళెం తెచ్చి పటం ముందు పెట్టారు. నేను దీపం వెలిగించాను.   అమ్మవారి ముఖం చూశాను. చిన్నప్పటి నుంచి ఆయమ్మను అడిగిందల్లా అడిగాను, ఇచ్చిందల్లా కళ్ళకద్దుకున్నాను. ఆ పొద్దు మాత్రం అడగడానికి నోరు రాలేదు. ఇంట్లో పెద్దావిడ ఉంటే ప్రతి చిన్న పనికీ ఆమెను లేపి, చివరికి ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా ఆమెనే అడిగే కోడలిలాగ అనిపించింది నాకు. ఆమె విసుక్కోదు. పెద్ద మనసు. కానీ కోడలు ఎప్పటికి ఇల్లాలవుతుంది?

"ఆకులు తీసేయండి," అన్నాను.

"తీసేసి?" అంది అంగడి వదిన.

"ఈ జాడీల్లో ఒక్క ముక్క గూడా బయటికి పోదు. పెరట్లో గుంత తవ్వి పోసేద్దాం. హాస్టలుకు నేను పోయి చెప్తా. కొత్త కాయ తెప్పిద్దాం. కలిపేది ఈ చెల్లెలే."

"ఎవరు చెప్పినారు?"

"నేను చెప్తాండా."

పెద్దమ్మ దగ్గరికొచ్చింది. ఆమె ముఖంలో నిజమైన భయం. "అమ్మవారు తెల్లపువ్వు ఇచ్చింది గదే. ఆయమ్మ మాట తప్పంటావా?"

అప్పటికే నన్ను నేను అడుక్కున్న ప్రశ్నే అది. "ఆయమ్మది తప్పు కాదు పెద్దమ్మా. తడి తెలిసేదానికి వేళ్ళిచ్చింది, వాసన తెలిసేదానికి ముక్కిచ్చింది. అవన్నీ ఆయమ్మ ఇచ్చినవే. అవి ముందే చెప్పినాక మళ్ళీ పువ్వుతో చెప్పమంటే ఏం చెప్తాది? ఆ పొద్దు వద్దని చెప్పాల్సింది నేను. నన్ను ఈడ కూచోబెట్టింది అందుకే. నేను చెప్పల్యా. కాబట్టి చెడిందంటే అది నా లెక్క. ఈమె చేతి లెక్క కాదు. బయట ఎవరన్నా అడిగినా ఇదే చెప్పండి."

వంగి దగ్గరలో ఉన్న జాడీని పెరటి గుమ్మం వైపు జరిపాను.  

అంగడి వదిన నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఏమ్మే, గుళ్ళో గంట గూడా ఎవరికీ వినపడకుండా కొట్టేదానివి. ఇంత మాట యాడ దాచిపెట్టినావు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు నవ్వారు. పెద్దమ్మ చేతిలోని ఆకులు చూసుకొని, "కోసినాక పారేసేది ఎందుకు" అని పూలు తీసి పటం దగ్గర పెట్టింది. ఆకులకు సున్నం రాసి, వక్క పలుకు వేసుకొని నోట్లో పెట్టుకుంది. నములుతూ, "సరే, గునపం యాడుందో చూడండి," అంది.

గుంత తవ్వడం చాలా కష్టమైంది. నేల బండలాగ ఉంది. అయినా ఆ పనిలో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. 'నాకైతే ఆ రోజు తడి వాసన వచ్చింది' అని ఒకరు, 'నేను మా ఆయనతో ఇంట్లో చెప్పుకున్నా' అని ఇంకొకరు. చెప్పుకోవలసిన చోట తప్ప అన్నిచోట్లా చెప్పుకున్నారు. నవ్వుకుంటూనే తిట్టుకున్నాం. చివరి జాడీ కూడా గుంతలోకి పోయాక నాకు ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. సరుకు పోయింది, కష్టం పోయింది. అయినా ఆ రాత్రి పడుకున్నదే తెలియదు, పొద్దున కోడి కూస్తే లేచాను.

పులివెందులకు నేను, చెల్లెలు కలిసి పోయాం. ముద్దనూరు మీదుగా బస్సు. ఎండకు కిటికీ చువ్వ పట్టుకోలేకపోయాం. దారి పొడుగునా ఆమె ఫోను చేతిలో పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను లోపల స్తోత్రం చదువుకుంటూ కూర్చున్నాను, మధ్యమధ్య మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి.

వార్డెనమ్మ పెద్ద గొంతు మనిషి. మేము పోయేసరికి మంచాలు లెక్కపెట్టిస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాన, తడి, పొంగు, గుంత. పువ్వు సంగతి కూడా చెప్పాను, దాచడం ఎందుకని. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పంపకుండా నిలిపింది ఎవరు?"

"నేనేనమ్మా."

"మంచిపని చేస్తివి. చెడినాక తెచ్చి పెట్టి, మాకు తెల్దమ్మా అనేవాళ్ళు శానామంది. ఆ మాట వినేదానికే నేనీడ ఉండేది అనిపిస్తాది ఒక్కోసారి." కాసేపు ఆలోచించింది. "మొదట్లో పిల్లోళ్ళకు పొడి వేస్తాం. వేరుశెనగ పొడి పంపండి. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాలే. ఊరగాయ ఎప్పుడిస్తారు?"

"ఎండలు బాగా కాస్తే..."

"ఎండను కాదమ్మా నేనడిగేది. నిన్ను."

ఒక్క క్షణం పక్కన ఎవరైనా ఉన్నారా అని చూశాను. చెల్లెలు ఉంది. ఆమె కళ్ళతోనే చెప్పమంది. ఏ రోజు ఇస్తామో చెప్పాను. వార్డెనమ్మ తల ఊపి మంచాల దగ్గరికి పోయింది. అంత సులువుగా అయిపోతుందని నేను అనుకోలేదు. ఆమె ఎవరికీ ఫోను చేయలేదు, చూద్దాంలే అనలేదు, రేపు రమ్మనలేదు. ఆ గొంతుకు, ఆ మనిషికి బయటికి వచ్చాక గేటు దగ్గరే నిలబడి దండం పెట్టుకున్నాను.

బస్టాండులో చీనీకాయల రసం తాగాం. గలాసు సగమయ్యాక చెల్లెలు మొదటిసారి నోరు తెరిచింది.

"అక్కా, ఆ పొద్దు మీరు వచ్చేదానికి ముందు నేనొక ఫోను చేసింటి."

"ఎవరికి?"

"ఏజెంటుకు. కువైట్ పోదామని. ఇండ్లల్లో పనికి. బిడ్డను మా అమ్మ దగ్గర వదలాలని కూడా అనుకుంటి. ఊర్లో చెయ్యి మంచిది కాదంటే ఇంగ ఈడేం పని నాకు?"

గలాసు బల్ల మీద పెట్టేశాను. "ఇప్పుడు?"

"బస్సులో మెసేజు పెట్టినా. వద్దని."

"పోయేటప్పుడా, ఇప్పుడా?"

"పోయేటప్పుడే." కాస్త నవ్వింది. "వార్డెనమ్మ ఏమంటాదో అని మీరు స్తోత్రం చదువుకుంటాంటిరి. నాకు మాత్రం ఆ పొద్దే అయిపోయింది."

 ఎంత దగ్గరగా వచ్చి ఎంత పక్కనుంచి పోయిందో అనుకున్నాను. ఒక గదిలో ఒక మాట ఎవరో ఒకరు చెప్పకపోతే ఒక ఆడపిల్ల తల్లి లేకుండా పెరిగేది. మాలో ఎవరికీ అది తెలిసేది కూడా కాదు. రావడం మానేసింది అనుకునేవాళ్ళం. తిరుగు బస్సులో నేను స్తోత్రం చదవలేదు. కృతజ్ఞత చెప్పుకోవడానికి ఆ రోజు నాకు మాటలు అవసరం లేకపోయాయి.

కొత్త కాయ వచ్చింది. ఈసారి మిద్దె మీద కాదు, వరండాలో గాలి తగిలేచోట ఆరబెట్టాం. గంపలు దించుతుంటే చెల్లెలు ఒక కాయ తీసి నొక్కింది. ఇంకోటి నొక్కింది.

"అక్కా, ఈ గంప వద్దు. మెత్తబడింది."

అందరి ముందూ చెప్పింది. గదిలో మళ్ళీ పాత నిశ్శబ్దం రాబోయింది.

"గంపెడు కాయ పారేస్తామా?" అంది అంగడి వదిన. "కాయలు చూస్తే బాగనే ఉండాయి. నాకైతే బాగుండాయి. నేను ఒప్పుకోను."

"నాక్కూడా బాగనే ఉండాయి," అంది పెద్దమ్మ. "అయినా పాప చెప్తాంది కదా."

వాదించుకున్నారు. నేను చూస్తూ ఉన్నాను. మా గదిలో మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డం చెప్పుకోవడం అంత మధురంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. అందరూ చెప్పింది విన్నాక నేనూ రెండు కాయలు నొక్కి చూశాను. "ఆ గంప పులుసుకు పంచుకుందాం. ఊరగాయకు వద్దు," అన్నాను. వదిన గొణిగింది కానీ తన వాటా కాయలు ముందు తనే ఏరుకుంది.

ఇప్పటికీ పని మొదలుపెట్టే రోజును పెద్దమ్మ అమ్మవారినే అడుగుతుంది. అడగనీ. అది ఆయమ్మకు వదలదగ్గ మాటే. మిగతావి నేను అందరినీ అడుగుతాను. 'మీ ఇష్టం' అంటే ఊరుకోను. 'మా ఇష్టం కాదు, నీకేమనిపిస్తాందో చెప్పు' అంటాను. అందరూ చెప్పాక చివరి మాట నేను చెబుతాను. ఒక్కోసారి తప్పవుతుంది. తప్పయితే అది ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ భయపడరు. నేను కూడా అంత భయపడటం లేదు. రాత్రి దీపం దగ్గర కూర్చున్నప్పుడు ఆయమ్మను ఇప్పుడు పని చెప్పమని కాదు, పని చేసే ధైర్యం ఇమ్మని అడుగుతాను. ఆమె ఇస్తోంది.

కొత్త జాడీలు మూడో రోజు తెరిచినప్పుడు నూనె పైకి తేలి ఎర్రగా మెరిసింది. ఆవ ఘాటుకు అందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఘాటు వల్ల అని ఒకరికొకరు చెప్పుకున్నాం.

ఆ వారంలోనే అంగడి వదిన తన ఇంటికి ఊరగాయ కలపడానికి చెల్లెల్ని పిలిపించుకుంది. నేను తోడు పోయాను. చెల్లెలు కింద కూర్చొని, కారం డబ్బా మూత తీసి, వాసన చూసి పక్కన పెట్టేసింది.

"ఇది పోయినేడాది కారం వదినా. పనికిరాదు. కొత్తది తెప్పీ."

"అది బాగుంది. కలుపు."

"నేను కలపను."

వదిన నడుము మీద చేతులు పెట్టుకొని నా వైపు తిరిగింది. "చూస్తాండావా? నా ఇంట్లో, నా కారం. నన్నే వద్దంటాంది."

"వదినా, నీ ఇల్లు, నీ కారం. చెప్పేది నువ్వే," అన్నాను.

వదిన చాలాసేపు డబ్బా వైపు చూసింది. తర్వాత సంచి తీసుకొని, చెప్పులు వేసుకొని, కారం తేవడానికి బజారుకు పోయింది.